ఆడని ఆటల లెక్క

కంప్యూటర్‌లో ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌ను తెరిచి లైబ్రరీలోకి వెళ్తే ఎడమవైపు ఆటల పేర్లు బారుగా కనిపిస్తాయి. ఇన్‌స్టాల్ చేసినవి తెల్లగా, చేయనివి మసకగా. ఏ పేరు మీద నొక్కినా ఆ ఆట ఎంతసేపు ఆడారో పక్కనే చూపిస్తుంది. ఒకదానికి 80 గంటలు, ఇంకొకదానికి 40 నిమిషాలు. చాలావాటికి ఆ చోట అసలు అంకే ఉండదు. డబ్బు పెట్టి కొన్న ఆటే, కానీ ఒక్కసారీ తెరవలేదన్నమాట. గేమర్లు ఈ పోగునే బ్యాక్‌లాగ్ అంటారు. అందులో మొదలుపెట్టి సగంలో వదిలేసినవీ ఉంటాయి, ముట్టుకోనివీ ఉంటాయి.

ఇది ఏ ఒక్కరి అలవాటో కాదు. 2014లో ఆర్స్ టెక్నికా అనే అమెరికన్ సాంకేతిక పత్రిక స్టీమ్ ఖాతాల నమూనాను తీసి లెక్కగట్టింది. జనం ఖాతాల్లో ఉన్న ఆటల్లో దాదాపు 37 శాతం ఒక్కసారి కూడా తెరవనివేనని తేలింది. 2024కు స్టీమ్ ఇచ్చిన వార్షిక లెక్కల ప్రకారం ఒక వాడుకదారు ఏడాది మొత్తంలో ఆడిన ఆటల మధ్యస్థ సంఖ్య 4. అదే ఏడాది ఆ దుకాణంలోకి 18 వేలకు పైగా కొత్త ఆటలు వచ్చాయి, అంటే రోజుకు సుమారు 50. జనం ఆడిన మొత్తం సమయంలో ఆ ఏడాది విడుదలైన ఆటలకు దక్కింది 15 శాతమే. మిగిలినదంతా పాత ఆటలకే పోయింది.

ఉద్యోగం, సంసారం, పిల్లల మధ్య ఆటకు వారానికి నాలుగు గంటలు మిగుల్చుకునేవాళ్లు ఈ జాబితా చూసి నొచ్చుకుంటారు. బద్ధకమనీ, నిలకడ లేదనీ, డబ్బు తగలేశామనీ తమను తామే తిట్టుకుంటారు. ఆ నింద నాకు న్యాయంగా అనిపించదు. బ్యాక్‌లాగ్ పెరగడానికి మన గుణం కన్నా లెక్క, మెదడు పనిచేసే తీరు ఎక్కువ కారణం. ఆ రెండూ అర్థమైతే చేయగలిగినది ఏమిటో, చేయలేనిది ఏమిటో తెలిసిపోతుంది.

ముందు లెక్క చూద్దాం. వారానికి 5 గంటలు ఆడగలిగే మనిషికి ఏడాదికి 260 గంటలు వస్తాయి. ఆటల నిడివి ఒక్క తీరుగా ఉండదు. 2007 నాటి పోర్టల్ మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. ద విచర్ 3లో ప్రధాన కథ ఒక్కటే 50 గంటల దాకా పడుతుంది. పర్సోనా 5 రాయల్‌కు 100 గంటలు చాలవు. సగటున ఆటకు 26 గంటలు అనుకుంటే, ఈ మనిషి ఏడాదికి ముగించగలిగేది 10 ఆటలు. పండగ తగ్గింపుల్లో, కొన్ని ఆటలు కలిపి అమ్మే బేరాల్లో ఏడాదికి 18 కొన్నాడనుకోండి. ఏటా 8 మిగులుతాయి, ఐదేళ్లకు 40 పోగవుతాయి. ఇందులో వింతేమీ లేదు, కూడికలూ తీసివేతలే.

ఈ కూడికల వెనుక ఒక శాస్త్రం ఉంది. 1909లో డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్, కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీకి ఎన్ని లైన్లు ఉంటే కాల్స్ ఆగిపోకుండా నడుస్తాయో తేల్చడానికి చేసిన పనిలోంచి క్యూల గణితం పుట్టింది. వచ్చే వేగం తీర్చే వేగాన్ని మించితే క్యూ పెరుగుతూనే పోతుంది. ఎక్కడా ఆగదు. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ పండితుడు మరో సూత్రాన్ని నిరూపించాడు. నిలకడగా నడిచే ఏ క్యూలోనైనా ఉన్నవాటి సంఖ్యను, అవి వచ్చే వేగంతో భాగిస్తే ఒక్కొక్కటి సగటున ఎంతకాలం ఆగాలో వస్తుంది. కొనడం తగ్గించి ఏడాదికి 10 కొని 10 ముగిస్తున్నా, జాబితాలో 60 ఆటలు పడి ఉంటే, ఇవాళ కొన్న ఆట వంతు సగటున 6 ఏళ్లకు గాని రాదు. స్టీమ్‌లో రుతువుకొకటి చొప్పున ఏడాదికి నాలుగు పెద్ద తగ్గింపు అమ్మకాలు జరుగుతాయి. అంటే ఆ 6 ఏళ్లలో అదే ఆట అదే ధరకో, అంతకన్నా తక్కువకో దొరికే అవకాశం 20 సార్లకు పైగా వస్తుంది. ‘ఇప్పుడు కొనకపోతే నష్టపోతాం’ అనే భయానికి ఇంతకన్నా సూటి జవాబు నాకు దొరకలేదు.

మరి లెక్క ఇంత తేలికైతే కొనే చెయ్యి ఎందుకు ఆగదు? కొనాలనే కోరిక, ఆడడంలోని ఆనందం మెదడులో ఒకే పని కావు గనుక. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెర్రిడ్జ్ ఎలుకల మీద చేసిన పరిశోధనలు దీన్ని బయటపెట్టాయి. ఎలుక నాలుక మీద చక్కెర నీళ్లు పడితే అది పెదాలు నాక్కుంటుంది, మనిషి పసిబిడ్డ కూడా అంతే. రుచి నచ్చిందనడానికి అది గుర్తు. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని దాదాపు పూర్తిగా తీసేసిన ఎలుకలు తిండి కోసం కదలనే కదలవు, నోట్లో పెట్టకపోతే ఆకలితో చచ్చిపోతాయి. కానీ చక్కెర నోట్లో పడితే మామూలు ఎలుకల్లాగే పెదాలు నాక్కుంటాయి. కోరిక పోయింది, ఇష్టం ఉండిపోయింది. డోపమైన్ అంటే ఆనంద రసాయనం అని పత్రికల్లో తరచూ రాస్తుంటారు గాని, ఈ ప్రయోగాలు చెప్పేది వేరు. దాని ప్రధానమైన పని మనల్ని వస్తువు వైపు లాగడం. ఆ వస్తువు చేతికొచ్చాక దక్కే ఆనందానికి అది పూచీ పడదు.

2007లో బ్రయన్ నట్సన్ బృందం మనుషులను ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టి ముందు వస్తువు, తర్వాత దాని ధర చూపించింది. వస్తువు నచ్చినప్పుడు డోపమైన్ అందే న్యూక్లియస్ అకుంబెన్స్ అనే మెదడు భాగం చురుకైంది. ధర మరీ ఎక్కువనిపిస్తే ఇన్సులా అనే భాగం చురుకైంది. నొప్పి, అసహ్యం కలిగినప్పుడు స్పందించే భాగాల్లో ఇదీ ఒకటి. కొంటారో లేదో వాళ్లు చెప్పకముందే ఈ సంకేతాలను బట్టి కొంతవరకు ఊహించగలిగారు. 75 శాతం తగ్గింపు అన్న పచ్చటి చీటీ చేసే పని ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. లాగేది లాగుతూనే ఉంటుంది, ఆపాల్సినది మాత్రం చప్పబడుతుంది. స్టీమ్‌లో 2015 నుంచి ధరలు రూపాయల్లో కనిపిస్తుండడంతో మన దగ్గర ఆ ఆపే శక్తి ఇంకాస్త తగ్గింది. డాలర్లను మార్చి చూసుకునే ఆ రెండు క్షణాల తటపటాయింపు కూడా ఇప్పుడు లేదు.

దీనికి తోడు కాలం గురించి మనం పడే పొరపాటు ఒకటుంది. గాల్ జాబర్‌మన్, జాన్ లించ్ 2005లో ప్రచురించిన పరిశోధనలో, వచ్చే నెలలో డబ్బు ఇప్పటికన్నా పెద్దగా ఎక్కువ ఉండదని జనం ఒప్పుకున్నారు. తీరిక మాత్రం ఇప్పటికన్నా బాగా ఉంటుందని నమ్మారు. ‘ఈ ప్రాజెక్టు అయిపోనీ, సంక్రాంతి సెలవుల్లో ఆడతా’ అనుకుని కొనడం అచ్చంగా ఇదే. సెలవులు వస్తాయి, వాటితోపాటు చుట్టాలూ ప్రయాణాలూ వస్తాయి.

చౌకగా కొనడంలో మరో దెబ్బ కూడా ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఒహాయో విశ్వవిద్యాలయ నాటకశాల టిక్కెట్ల కిటికీ దగ్గర హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ ఒక ప్రయోగం చేసి 1985లో ప్రచురించారు. సీజన్ టిక్కెట్ అసలు ధర 15 డాలర్లు. కొనడానికి వచ్చినవాళ్లలో కొందరికి 13 డాలర్లకు, కొందరికి 8 డాలర్లకు ఇచ్చారు. ఎవరికి ఏ ధర అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు, కొనేవాళ్ల ఎంపిక అందులో ఏమీ లేదు. సీజన్ మొదటి సగంలో 5 నాటకాలు వేశారు. పూర్తి ధర పెట్టినవాళ్లు సగటున 4కు పైగా నాటకాలకు వచ్చారు, తగ్గింపు పొందినవాళ్లు 3కు కాస్త పైన. సీజన్ రెండో సగానికి వచ్చేసరికి ఆ తేడా చెరిగిపోయింది. పెట్టిన డబ్బు మనల్ని కుర్చీలో కూర్చోబెడుతుంది, అదీ కొన్నాళ్లే. 150 రూపాయలకు కొన్న ఆటకు ఆ బలం మొదటి రోజు నుంచే తక్కువ. ఎపిక్ గేమ్స్ స్టోర్ వారం వారం ఉచితంగా ఇచ్చే ఆటలకైతే ఆ బలం అసలు ఉండదు.

కొన్నవాటిలో కొన్ని మొదలవుతాయి. వాటిలోనూ చాలా మధ్యలో ఆగిపోతాయి. గమ్యం దగ్గరపడేకొద్దీ వేగం పెరుగుతుందని 1930లలో క్లార్క్ హల్ ఎలుకల పరుగులో చూశాడు. మనుషుల్లోనూ ఇది ఉందని 2006లో రాన్ కివెట్జ్ బృందం కాఫీ కార్డులతో చూపింది. పదో ముద్ర దగ్గరపడేకొద్దీ జనం త్వరత్వరగా కాఫీకి వచ్చారు. తర్వాత వచ్చిన పరిశోధనలు దీనికి మరో మాట జోడించాయి. మొదట్లో ఎంత దూరం వచ్చామో చూసుకుంటాం, చివర్లో ఎంత మిగిలిందో చూసుకుంటాం, నడుమ ఈ రెండూ ఊపు ఇవ్వవు. 60 గంటల ఆటకు ఇరవయ్యో గంట అలాంటి చోటు. కొత్తదనం పోయి, ముగింపు కనుచూపు మేరలో లేని ఆ చోట ఆగిపోవడం తేలిక.

ఆగినదాన్ని మళ్లీ అందుకోవడం ఇంకా కష్టం. మూడు నెలల తర్వాత పాత సేవ్ తెరిచారనుకోండి. మీ పాత్ర ఏదో చిత్తడి నేలలో, వర్షంలో నిలబడి ఉంటుంది. చేయాల్సిన పనుల చిట్టాలో పద్నాలుగు పేర్లు ఉంటాయి. అందులో ఒకడికి మందు మొక్కలు తెచ్చిస్తానన్నారు, వాడెవడో గుర్తుండదు. సంచీలో ముప్పై రకాల సీసాలు. అంతలో ఒక తోడేలు మీద పడుతుంది. పక్కకు దొర్లాలని బొటనవేలు ఒక బటన్ నొక్కుతుంది. మధ్యలో ఆడిన మరో ఆటలో దొర్లడానికి ఆ బటనే, ఇందులో అది మందు తాగడానికి. తాగుతుండగానే తోడేలు కరుస్తుంది. రెండుసార్లు చచ్చాక ఆట మూసేసి, ఎప్పుడూ ఆడే క్రికెట్ గేమో ఫుట్‌బాల్ గేమో తెరుస్తారు.

ఇక్కడ రెండు వేర్వేరు జ్ఞాపకాలు ఒకేసారి దెబ్బతిన్నాయి. కథ, పేర్లు, మాటిచ్చిన సంగతులు ఒక వ్యవస్థలో ఉంటాయి, వేళ్ల నేర్పు మరో వ్యవస్థలో ఉంటుంది. మూర్ఛకు చేసిన మెదడు ఆపరేషన్‌తో కొత్త జ్ఞాపకాలు నిలుపుకునే శక్తి కోల్పోయిన హెన్రీ మొలైసన్ మీద బ్రెండా మిల్నర్ చేసిన పరిశీలనలు దీన్ని తేల్చాయి. అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిల్ నడపడం అతను రోజురోజుకూ మెరుగ్గా చేశాడు, కానీ ఆ పని అంతకుముందు చేసిన గుర్తే అతనికి లేదు. అందుకే ఆటకు తిరిగి వచ్చినప్పుడు వేళ్ల నేర్పు పూర్తిగా చెరిగిపోయి ఉండదు, మధ్యలో నేర్చిన మరో నేర్పు దాని మీద కూర్చుని అడ్డం పడుతుంది. మరిచిపోయామనుకున్నదాన్ని మళ్లీ నేర్వడానికి మొదటిసారి కన్నా తక్కువ సమయం చాలని 1885లోనే హెర్మన్ ఎబింగ్‌హౌస్ తన మీద తాను చేసుకున్న ప్రయోగాలతో చూపించాడు. కాబట్టి పాత సేవ్ తెరిచిన వెంటనే కథలో ముందుకు దూకకండి. ఆట మొదట్లోని తేలికైన చోటికి వెళ్లి పావుగంట ఊరికే కత్తి తిప్పండి. వేళ్లు దారికొస్తాయి. కథకు మాత్రం అలాంటి దగ్గరదారి లేదు. ఆపే ముందు ‘చిత్తడి నేలలో ఉన్నా, వైద్యుడి కోసం మొక్కలు వెతుకుతున్నా’ అని ఫోన్‌లో ఒక్క వాక్యం రాసుకోవడమే మంచిది.

ఇక మనసులో సలిపే ముల్లు సంగతి. అసంపూర్తి పనులు బాగా గుర్తుంటాయని బెర్లిన్‌లో చదువుకున్న బ్లూమా జైగార్నిక్ 1927లో ప్రకటించింది. ఆమె జనానికి బంకమట్టి బొమ్మలు, పజిళ్లు, లెక్కల వంటి పనులిచ్చి, సగం పనులను మధ్యలో ఆపించింది. ఆ పేరు ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తుంది. కానీ తర్వాతి ప్రయోగాల్లో ఆ ఫలితం నిలకడగా రాలేదు. 2025లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణ కూడా జ్ఞాపకంలో అలాంటి మేలేమీ కనిపించదని తేల్చింది. గట్టిగా నిలిచింది ఆమె సహచరి మరియా ఒవ్‌సియాంకినా 1928లో చెప్పిన మాట: ఆపేసిన పని దగ్గరికి మనిషి తనంత తానే తిరిగి వెళ్లాలని చూస్తాడు. జాబితా చూసినప్పుడల్లా కలిగే ఆ గుంజాటన అదే.

ఆ గుంజాటన తగ్గాలంటే పనంతా ముగించాల్సిన అవసరం లేదని 2011లో మసికాంపో, బౌమైస్టర్ చూపించారు. మిగిలిన పనిని ఎప్పుడు, ఎలా చేయాలో స్పష్టంగా అనుకున్నవాళ్లకు అది వేరే పనుల మధ్య అడ్డం రావడం మానేసింది. ఇది విని వెంటనే ఎక్సెల్ తెరిచి, ‘శనివారం రాత్రి 9 నుంచి 11 దాకా ఎల్డెన్ రింగ్’ అని పట్టిక గీసేవాళ్లున్నారు. అక్కడే ఆగాలి. గాబ్రియేలా టొనియెట్టో, సెలిన్ మాల్కాక్ 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో, వినోదానికి కచ్చితమైన వేళ పెట్టుకుంటే అది పనిలా అనిపించి ఆనందం తగ్గింది. పరీక్షల రోజుల్లో విద్యార్థులకు ఉచితంగా కాఫీ, బిస్కెట్లు ఇస్తామన్నారు. కచ్చితమైన వేళకు వచ్చినవాళ్ల కన్నా, రెండు గంటల వ్యవధిలో ఎప్పుడైనా రమ్మన్నవాళ్లు ఎక్కువ ఆనందించారు. అదే ఏడాది జోర్డన్ ఎట్కిన్ మరో సంగతి చూపింది. రంగులు వేసేటప్పుడు ఎన్ని వేశారో లెక్క చూపిస్తే జనం ఎక్కువ వేశారు, తక్కువ ఆనందించారు. నెలకు ఇన్ని ఆటలు ముగించాలని గురి పెట్టుకోవడం అందుకే నాకు నచ్చదు. ఇంజనీరింగ్‌లో మిగిలిపోయిన సబ్జెక్టులు క్లియర్ చేయకపోతే పట్టా రాదు, ఆటలు మిగిలిపోతే ఆగేదేమీ లేదు. ‘ఈ శనివారం, భోజనాలయ్యాక, ఫలానా ఆట’ అన్నంత వదులుగా అనుకుంటే చాలు. మనసుకు ఊరటా దక్కుతుంది, ఆట ఆటగానూ మిగులుతుంది.

నచ్చని ఆటను ఎప్పుడు వదిలేయాలి అన్న ప్రశ్నకు మంచి జవాబు జీవశాస్త్రంలో ఉంది. 1976లో ఎరిక్ చార్నోవ్ మేత వెతికే జంతువుల గురించి ఒక సూత్రం చెప్పాడు. పక్షి ఒక చెట్టు మీద పురుగులు ఏరుకుంటుంటే అవి క్రమంగా తగ్గుతాయి. అడవి మొత్తం మీద, ప్రయాణ సమయంతో కలిపి దొరికే సగటు కన్నా ఇక్కడ దొరికేది తగ్గిన క్షణాన పక్షి ఎగిరిపోవడం మేలు. తర్వాతి చెట్టు దూరమైతే ఇక్కడే ఎక్కువసేపు ఉండాలి, దగ్గరైతే త్వరగా కదలాలి.

మన ఊళ్లలో 1990లలో టీవీకి తగిలించే వీడియో గేమ్‌తో పెరిగినవాళ్లు దీన్ని స్వయంగా అనుభవించారు. ఇంట్లో ఉన్నది ఒకటో రెండో క్యాసెట్లు. మరొకటి కావాలంటే అమ్మానాన్నలను నెలల తరబడి బతిమాలాలి, లేకపోతే స్నేహితుడితో మార్చుకోవాలి. అందుకే కాంట్రాను, మారియోను పదే పదే ఆడి చివరిదాకా చూశారు. ఇప్పుడు అదే మనుషులకు తర్వాతి ఆట ఒక్క క్లిక్కు దూరంలో ఉంది. త్వరగా వదిలేయడం ఈ పరిస్థితిలో ఏ ప్రాణి అయినా చేసే పనే. వాళ్ల నిలకడ తరగలేదు, చెట్ల మధ్య దూరం తరిగింది.

కాబట్టి ఆ దూరాన్ని మళ్లీ మనమే పెంచుకోవాలి. ఇది నిజంగా మన చేతిలో ఉంది, ఆడని ఆటలను డిస్క్‌లోంచి తీసేస్తే చాలు. బాల్డర్స్ గేట్ 3 వంటి ఆటకు 150 జీబీ జాగా కావాలి. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉన్న ఇంట్లో అది దిగడానికి మూడు గంటలకు పైగా పడుతుంది. డిస్క్‌లో లేని ఆట వైపు మనసు మళ్లినా, ఆ మూడు గంటలు మిమ్మల్ని ప్రస్తుత ఆటలోనే ఉంచుతాయి. కొత్తగా ఏదైనా కొంటే ఆ వారంలోనే తెరిచి చూడండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. తర్వాత ఆడదామని పక్కన పెట్టిన ప్రతి ఆటకూ ఆ హక్కు రెండు వారాల్లో పోతుంది. 20 గంటలు ఆడి చాలనుకున్న ఆటను ‘అయిపోయింది’ అన్న వరుసలో పెట్టేయండి, చివరి సన్నివేశం చూడకపోయినా సరే.

ఈ వారమే ఒక పని చేయండి. ఇప్పుడు ఆడుతున్న రెండు మూడు ఆటలు తప్ప మిగతావన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అవి మీ ఖాతాలోంచి పోవు, కావాలన్నప్పుడు మళ్లీ దించుకోవచ్చు. క్లౌడ్ సేవ్ సౌకర్యం అన్ని ఆటలకూ ఉండదు గనుక, లేనివాటి సేవ్ ఫైళ్లను తీసేముందే ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి.